కట్టేసిన ఛార్జ్ ఆఫ్ ఖాతా క్రెడిట్ రిపోర్ట్‌లో ఇంకా కనిపిస్తుంటే: ఏది మార్చుకోవచ్చు, ఏది మారదు

అమెరికాలో ఉంటున్న మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. 2021లో ఉద్యోగం పోయి ఒక క్రెడిట్ కార్డు కట్టలేకపోయారు. బ్యాంకు దాన్ని ఛార్జ్ ఆఫ్ చేసింది, అంటే తన పుస్తకాల్లో నష్టం కింద రాసుకుంది. 2024 మార్చిలో బాకీ మొత్తం, 4,800 డాలర్లు, ఒకేసారి కట్టేశారు. ఇప్పుడు న్యూజెర్సీలో ఇల్లు కొనాలని చూస్తుంటే మూడు రిపోర్టుల్లోనూ ఆ ఖాతా ఎర్రగానే ఉంది, ఒకదాంట్లో అయితే ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది. కట్టేశాక కూడా ఇదేమిటి, దీన్ని తీయించడం ఎలా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్తాను. ఖాతా ఛార్జ్ ఆఫ్ అయిన మాట నిజమైతే, దాన్ని గడువులోపు తీసేయమని బ్యాంకునో, క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే బ్యూరోనో చట్టపరంగా బలవంతపెట్టలేరు. అయితే ఆ ఖాతా కింద రాసిన ప్రతి అంకె, ప్రతి తేదీ నిజం కావాలని పట్టుబట్టే హక్కు మీకు నూటికి నూరుపాళ్లు ఉంది. కట్టేసిన ఖాతాల్లో తప్పులు దొర్లేది సరిగ్గా అక్కడే. కాబట్టి మీ శ్రమంతా "తీసేయండి" అనే అభ్యర్థన మీద కాక, "సరిచేయండి" అనే డిమాండ్ మీద పెట్టండి. మీకు ఫలితం వచ్చే దారి అదే.

ఛార్జ్ ఆఫ్ అంటే మాఫీ కాదు. మన దగ్గర బ్యాంకులు ఇన్ని వేల కోట్లు రైట్ ఆఫ్ చేశాయని పేపర్లో వస్తే రుణమాఫీ అనుకుంటారే, ఇక్కడా అదే పొరపాటు జరుగుతుంది. క్రెడిట్ కార్డు లాంటి ఖాతా 180 రోజులు, కారు లోను లాంటి వాయిదాల అప్పు 120 రోజులు కట్టకుండా ఉండిపోతే, ఇక వసూలు కాదని బ్యాంకు తన పుస్తకాల్లో నష్టం కింద రాసుకోవాలన్నది అమెరికా బ్యాంకింగ్ నియంత్రణ సంస్థల నియమం. అది బ్యాంకు లెక్కలకు సంబంధించిన విషయం. అప్పు మాత్రం అలాగే ఉంటుంది, వసూలు హక్కూ ఉంటుంది. మీరు తర్వాత కట్టినప్పుడు అప్పు తీరింది గాని, "ఒకప్పుడు ఇది నష్టం కింద పోయింది" అన్న చరిత్ర చెరిగిపోలేదు. రిపోర్ట్ చెప్పేది ఆ చరిత్రనే.

ఆ చరిత్ర ఎన్నాళ్లుంటుంది? అన్నింటికంటే ముఖ్యమైన తేదీ ఇక్కడే ఉంది, చాలామంది దీన్నే తప్పుగా లెక్కేస్తారు. గడియారం మొదలయ్యేది ఛార్జ్ ఆఫ్ అయిన రోజు నుంచీ కాదు, మీరు కట్టేసిన రోజు నుంచీ కాదు. మీరు మొదటిసారి వాయిదా తప్పి, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ పూర్తిగా దారిలో పడకుండా ఛార్జ్ ఆఫ్ దాకా వెళ్లిన ఆ మొదటి ఎగవేత తేదీ నుంచి. ఇంగ్లీషులో దీన్ని డేట్ ఆఫ్ ఫస్ట్ డెలింక్వెన్సీ అంటారు. 2021 ఫిబ్రవరి బిల్లు కట్టకుండా మార్చి నాటికి 30 రోజుల ఆలస్యం పడి, ఇక కోలుకోలేదనుకుందాం. ఆగస్టు ప్రాంతంలో ఛార్జ్ ఆఫ్ అయ్యుంటుంది. ఆ ఖాతా 2028 మార్చి ప్రాంతంలో రాలిపోవాలి. ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం నిజానికి ఆ తేదీకి 180 రోజులు కలిపి, అక్కడి నుంచి 7 ఏళ్లు ఉంచుకోనిస్తుంది. ఆచరణలో మాత్రం బ్యూరోలు మొదటి ఎగవేత నుంచి 7 ఏళ్లకే తీసేస్తాయి. 2020లో ఒకటి రెండు నెలలు ఆలస్యమై, తర్వాత మొత్తం కట్టి మళ్లీ 2021లో తప్పితే లెక్క 2021 నుంచే. మీరు 2024లో కట్టడం వల్ల ఈ గడియారం ఒక్కరోజు కూడా వెనక్కి జరగదు. కడితే ఏడేళ్లు మళ్లీ మొదలవుతాయన్న మాట ఊళ్లో బాగా తిరుగుతోంది; అది తప్పు.

ఒక్క మినహాయింపు ఉంది, నది దాటి న్యూయార్క్‌లో స్థిరపడితే మీకూ పనికొచ్చేది. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం, కట్టేసిన ఛార్జ్ ఆఫ్ ఖాతాను 5 ఏళ్లకే తీసేయాలి. న్యూయార్క్‌లో నివాసం ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుంది, దానంతటదే జరగకపోతే డిస్ప్యూట్, అంటే రిపోర్ట్ మీద అభ్యంతరం, వేసి అడగాలి. న్యూజెర్సీకి ఇలాంటి వెసులుబాటు లేదు. అందుకోసం తప్పుడు చిరునామా ఇవ్వడం మాత్రం పొరపాటున కూడా చేయకండి.

ఇక పనిలోకి దిగుదాం. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్ నుంచి ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడూ విడివిడిగా దించుకోండి. వారానికోసారి ఉచితంగా ఇస్తారు. స్కోర్ చూపించే యాప్‌లలో కనబడేది సారాంశం మాత్రమే, మనకు కావాల్సిన వివరాలు అందులో ఉండవు. మూడూ దించడం తప్పనిసరి, ఎందుకంటే ఈ మూడు సంస్థలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. ఒకచోట సరైతే మిగతా రెండు చోట్ల సరయిందని కాదు. పీడీఎఫ్‌ను తేదీ వేసి దాచుకోండి, తర్వాత పోలిక చూడటానికి అదే ఆధారం.

తేదీ ఎక్కడ వెతకాలో ఒక్కో బ్యూరోకి ఒక్కో తీరు. ఈక్విఫాక్స్ మొదటి ఎగవేత తేదీని సూటిగానే చూపిస్తుంది. ఎక్స్‌పీరియన్ ఆ తేదీ చెప్పకుండా, ఫలానా నెల వరకు రికార్డులో ఉంటుందని రాస్తుంది. ట్రాన్స్‌యూనియన్ తొలగింపు అంచనా నెల, సంవత్సరం అని వేస్తుంది. మూడూ ఒకే కాలానికి రావాలి. ఒకటి రెండు నెలల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఒకదాంట్లో మాత్రం ఏడాదో, మూడేళ్లో ముందుకు జరిగి ఉంటే, ఉదాహరణకు మీరు కట్టిన 2024 నుంచి లెక్కేసి 2031 అని ఉంటే, అది రీ ఏజింగ్, అంటే పాత ఎగవేతకు కొత్త తేదీ వేయడం. చట్టవిరుద్ధం. మీ ఖాతాలో దొరకగల తప్పులన్నింటిలో గట్టిది ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

తర్వాత బ్యాలెన్స్, పాస్ట్ డ్యూ (గడువు దాటిన బాకీ) అన్న రెండు గడులు. మొత్తం కట్టేశాక రెండూ సున్నా ఉండాలి. బ్యాలెన్స్ సున్నా చేసి, పాస్ట్ డ్యూ గడిలో పాత అంకె వదిలేయడం తరచూ కనిపించే తప్పు. రెండూ చూడండి. ఆ తర్వాత స్టేటస్. బ్యాంకులు బ్యూరోలకు పంపే డేటాకు మెట్రో 2 అనే ఒకే నమూనా ఉంది. అందులో కట్టని ఛార్జ్ ఆఫ్‌కు కోడ్ 97, ఒకప్పుడు ఛార్జ్ ఆఫ్ అయి ఇప్పుడు పూర్తిగా కట్టేసిన ఖాతాకు కోడ్ 64. మీ ఖాతా 64 కింద రావాలి. రిపోర్ట్‌లో ఆ కోడ్ కనిపించదు గాని, దాని మాటల రూపం కనిపిస్తుంది: "పెయిడ్, వాజ్ ఏ ఛార్జ్ ఆఫ్" అన్న అర్థం వచ్చే వాక్యం. ఉత్త "ఛార్జ్ ఆఫ్" అని మాత్రమే ఉండి, "పెయిడ్" అన్న మాట ఎక్కడా లేకపోతే బ్యాంకు తన రికార్డును మార్చలేదన్నమాట.

నెలల పట్టికనూ ఒక్కో గడి చూడండి. ఛార్జ్ ఆఫ్ అయిన నెల నుంచి కట్టిన నెల దాకా సీఓ (ఛార్జ్ ఆఫ్‌కు పొట్టి రూపం) అన్న గుర్తులు ఉంటాయి, అది సహజం. కట్టేసిన తర్వాతి నెలల్లో కూడా సీఓ పడుతూ ఉంటే తప్పు. బాకీ లేని ఖాతాను ప్రతి నెలా ఛార్జ్ ఆఫ్‌గా పంపుతున్నారంటే, అప్పు ఇచ్చేవాళ్ల కంటికి అది నిన్నటి ఎగవేతలా కనిపిస్తుంది.

ఇక్కడో మాట నొక్కి చెప్పాలి. ఛార్జ్ ఆఫ్ అమౌంట్ అనే గడిలో 4,800 అని అలాగే ఉంటుంది. హై బ్యాలెన్స్ గడిలోనూ పాత గరిష్ఠ అంకె ఉంటుంది. ఇవి తప్పులు కావు, ఒకప్పటి మొత్తాన్ని చెప్పే చారిత్రక అంకెలు. వీటి మీద డిస్ప్యూట్ వేస్తే "సరిచూశాం, సరిగ్గానే ఉంది" అని తిరిగొస్తుంది, మీ అసలు తప్పు కూడా ఆ వరుసలో కొట్టుకుపోతుంది. ఏది తప్పో తేల్చుకున్నాకే కలం పట్టండి.

బ్యాంకు నుంచి పెయిడ్ ఇన్ ఫుల్ లేఖ, అంటే బాకీ మొత్తం తీరిందన్న లేఖ, మీ దగ్గర లేకపోతే ముందు అది తెప్పించుకోండి. ఫోన్‌లో రికవరీ విభాగాన్ని అడగాలి. మామూలు కస్టమర్ కేర్‌లో ఛార్జ్ ఆఫ్ ఖాతాలు చాలాసార్లు తెరుచుకోవు. లేఖలో మీ పేరు, ఖాతా చివరి నాలుగంకెలు, కట్టిన తేదీ, మొత్తం, మిగిలిన బాకీ సున్నా అన్న మాట ఉండాలి. దానితో పాటు డబ్బు మీ ఖాతాలోంచి వెళ్లినట్టు చూపే బ్యాంకు స్టేట్‌మెంట్ పేజీ. ఈ రెండూ ఉంటే మీ కేసు ముప్పావు వంతు గెలిచినట్టే.

డిస్ప్యూట్ ఎవరికి వేయాలన్న దాంట్లో చాలామంది దారి తప్పుతారు. బ్యాంకుకు నేరుగా రాసినా వాళ్లు విచారించాల్సిందే. కానీ రేపు వాళ్లు పట్టించుకోకపోతే కోర్టుకు వెళ్లాలంటే, డిస్ప్యూట్ బ్యూరో ద్వారా వెళ్లి ఉండాలి. బ్యూరో నుంచి సమాచారం అందాక కూడా బ్యాంకు సరిగ్గా విచారించకపోతేనే బ్యాంకు మీద దావా వేసే హక్కు మీకు పుడుతుంది. నేరుగా బ్యాంకుకు రాసిన ఉత్తరాలు ఎన్ని ఉన్నా ఆ హక్కు రాదు. అందుకే బ్యూరోకు తప్పక వేయండి, కావాలంటే దాని నకలు బ్యాంకుకూ పంపండి.

ఆన్‌లైన్‌లో వేయొచ్చా? బ్యాలెన్స్ సున్నా కాలేదన్నంత చిన్న తప్పయితే, లేఖను అప్‌లోడ్ చేయనిస్తే ఆన్‌లైన్ చాలు. తేదీ మార్చేశారు, నెలల పట్టిక తప్పు లాంటివైతే పోస్టు మేలు. ఆన్‌లైన్‌లో మీ మాటను ముందే రాసిపెట్టిన కారణాల జాబితాలోంచి ఎంచుకోమంటారు, సూక్ష్మమైన తప్పు అందులో ఇమడదు. పోస్టులో సర్టిఫైడ్ మెయిల్, రిటర్న్ రిసీట్‌తో పంపండి. మూడింటికీ విడివిడి కవర్లు. ఈక్విఫాక్స్ అట్లాంటాలో, ట్రాన్స్‌యూనియన్ పెన్సిల్వేనియాలోని చెస్టర్‌లో, ఎక్స్‌పీరియన్ టెక్సస్‌లోని అలెన్‌లో ఉత్తరాలు తీసుకుంటాయి. పూర్తి చిరునామా మీ రిపోర్ట్ మీదే ఉంటుంది, దాన్నే వాడండి.

ఉత్తరం ఇంగ్లీషులో, ఒక పేజీ మించకుండా. సారాంశం ఇలా ఉంటే చాలు: "ఫలానా బ్యాంకు, చివరి అంకెలు ఫలానా. ఈ ఖాతాను 2024 మార్చి 14న 4,800 డాలర్లు చెల్లించి పూర్తిగా ముగించాను. మీ రిపోర్ట్‌లో పాస్ట్ డ్యూ 1,212 డాలర్లు అని ఉంది, సరైనది సున్నా. 2024 ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు సీఓ అని ఉంది. ఖాతా అప్పటికే చెల్లించబడింది. బ్యాంకు లేఖ, నా స్టేట్‌మెంట్ జతచేశాను. ఈ రెండింటినీ సరిచేయండి, లేదా నిర్ధారించలేకపోతే తొలగించండి." జతలో డ్రైవింగ్ లైసెన్స్ నకలు, చిరునామా రుజువుకు కరెంటు బిల్లో బ్యాంకు స్టేట్‌మెంటో, తప్పు ఉన్న రిపోర్ట్ పేజీ మీద గీత గీసి పెట్టండి. అన్నీ నకళ్లే, అసలు కాగితాలు ఎప్పుడూ పంపకండి. కష్టాల కథ ఇందులో రాయొద్దు. ఆ మాటలకు వేరే ఉత్తరం ఉంది, కింద చెప్తాను.

"ఇది నా ఖాతా కాదు" అని మాత్రం రాయకండి. ఇంటర్నెట్‌లో ఆ సలహా ఇచ్చేవాళ్లు ఎక్కువ. మీ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు, చిరునామా సరిపోయాక బ్యాంకు ఒక్క నిమిషంలో "అతనిదే" అని తిప్పికొడుతుంది. పైగా మీరే డబ్బు కట్టిన రుజువు వాళ్ల దగ్గరుంది. ఆ అబద్ధం రికార్డులో ఉండగా తర్వాత నిజమైన తప్పు గురించి రాస్తే దానికి విలువ పోతుంది. దొంగ ఐడెంటిటీ థెఫ్ట్ రిపోర్ట్ ఇవ్వడం ఇంకా ప్రమాదం, అది ప్రభుత్వానికి తప్పుడు ప్రకటన చేయడం. వీసా మీద ఉన్నవాళ్లు ఆ ఆలోచనే చేయకూడదు.

బ్యూరోకు 30 రోజుల గడువుంటుంది. మధ్యలో మీరు కొత్త కాగితాలు పంపితే 15 రోజులు పెరగొచ్చు; ఉచిత వార్షిక రిపోర్ట్ ఆధారంగా వేసిన డిస్ప్యూట్‌కు 45 రోజులు పడుతుంది. అందుకే మొదటిసారే అన్నీ జతచేయమనడం. బ్యాంకు గడువులోగా జవాబివ్వకపోయినా, నిర్ధారించలేకపోయినా ఆ సమాచారాన్ని తీసేయాలి లేదా మార్చాలి. పాత బ్యాంకు ఇంకో బ్యాంకులో కలిసిపోయి రికార్డులు దొరకని చోట ఖాతా మొత్తం రాలిపోవడమూ జరుగుతుంది. తర్వాత బ్యాంకు నిర్ధారించి పంపితే తిరిగి పెట్టొచ్చు గాని, పెట్టిన 5 పనిదినాల్లో మీకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకుండా పెడితే అదే ఇంకో ఉల్లంఘన.

సరిచూశామని, ఏమీ మార్చకుండా తిప్పిపంపితే? అదే ఉత్తరాన్ని మళ్లీ మళ్లీ పంపడం వృథా. కొత్త సమాచారం లేని డిస్ప్యూట్‌ను పనికిమాలినదిగా తోసిపుచ్చే అధికారం చట్టం వాళ్లకిచ్చింది. ఎలా సరిచూశారో చెప్పమని రాతలో అడగండి, 15 రోజుల్లో చెప్పాలి. తర్వాత సీఎఫ్‌పీబీ (వినియోగదారుల ఆర్థిక రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) వెబ్‌సైట్‌లో బ్యాంకు మీద ఒకటి, బ్యూరో మీద ఒకటి ఫిర్యాదు పెట్టి, డిస్ప్యూట్ ఉత్తరం, రసీదు, వచ్చిన జవాబు జతచేయండి. మామూలుగా కంపెనీలు 15 రోజుల్లో స్పందిస్తాయి, అంత తేలని వాటికి 60 రోజులు. ఈ ఫిర్యాదులు సాధారణ కాల్ సెంటర్‌కు కాక వేరే విభాగానికి వెళ్తాయి, కాగితం చదివే మనిషి చేతిలో పడుతుంది. రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయమూ ఉంది. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల న్యాయవాదిని కలవండి. కావాలని చేసిన ఉల్లంఘనకు చట్టం 100 నుంచి 1,000 డాలర్ల దాకా పరిహారం, దానిపైన లాయర్ ఫీజు కూడా ఇప్పిస్తుంది. అందుకే చాలామంది లాయర్లు మీ దగ్గర ముందుగా డబ్బు తీసుకోరు. తప్పు మీకు తెలిసిన నాటి నుంచి 2 ఏళ్లలోపు దావా వేయాలి, ఆ గడువును నిద్రపోనివ్వకండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయనుకోండి. అప్పుడు మిగిలేది గుడ్‌విల్ ఉత్తరం. ఇది హక్కు కాదు, విన్నపం. కష్టాల కథ రాయాల్సింది ఇక్కడే. బ్యాంకు పై స్థాయి కార్యాలయానికి ఒక పేజీ: ఫలానా నెల ఉద్యోగం పోయింది, ఫలానా నెల మళ్లీ దొరికింది, దొరికాక ఒక్క డాలరు తగ్గించమని అడగకుండా మొత్తం కట్టాను, అప్పటి నుంచి ఏ ఖాతాలోనూ ఆలస్యం లేదు, ఇల్లు కొనే ప్రయత్నంలో ఉన్నాను, ఈ ట్రేడ్‌లైన్ (రిపోర్ట్‌లోని ఈ ఖాతా వరుస) తొలగించడాన్ని పరిశీలించగలరు. చట్టాల పేర్లు, బెదిరింపులు వద్దు. ఒకే ఉత్తరంలో దండం, కర్ర రెండూ పనిచేయవు. పెద్ద బ్యాంకులు చాలాసార్లు "నిజమైన సమాచారాన్ని మార్చం" అని మర్యాదగా తిప్పిపంపుతాయి. క్రెడిట్ యూనియన్‌లు (సభ్యుల సహకార బ్యాంకులు), చిన్న బ్యాంకుల దగ్గర కాస్త ఆశ ఎక్కువ. ఒకసారి కాదన్నారని వదిలేయకుండా ఆరు నెలలకు ఆ బ్యాంకులోనే ఇంకో అధికారికి మళ్లీ పంపండి, పోయేది పోస్టు ఖర్చు మాత్రమే.

డబ్బిస్తే తీసేస్తామనే ఒప్పందం, అంటే పే ఫర్ డిలీట్, కట్టకముందు బేరమాడే విషయం. మీరు కట్టేశారు గనక ఆ పిడికిలి ఇప్పుడు ఖాళీ. ఇంకా కట్టని ఖాతా ఉన్న మిగతా పాఠకులకు ఒక మాట: కట్టేముందు మొత్తం, గడువు, ఆ తర్వాత రిపోర్ట్‌లో ఏం రాస్తారో కాగితం మీద తెప్పించుకోండి. చాలా పాత బాకీ అయితే కొద్దిగా కట్టడం వల్ల, ఆ బాకీ కోసం మీ మీద దావా వేయగల గడువు చాలా రాష్ట్రాల్లో మళ్లీ మొదలవుతుంది. ఆ గడియారం వేరు, పైన చెప్పిన ఏడేళ్ల గడియారం వేరు. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే ఊళ్లో ఆ పుకారు పుట్టింది.

మొత్తం కాక తగ్గించి కట్టినవాళ్ల సంగతి కొంచెం భిన్నం. రిపోర్ట్‌లో పూర్తి మొత్తం కన్నా తక్కువకు ముగిసిందని వ్యాఖ్య పడుతుంది, అది సరైనదే. మొత్తం కట్టిన మీ ఖాతా మీద ఆ వ్యాఖ్య పడి ఉంటే మాత్రం డిస్ప్యూట్ వేయాల్సిందే. తగ్గించిన సొమ్ము 600 డాలర్లు, అంతకు పైన ఉంటే బ్యాంకు 1099-సీ (రద్దయిన అప్పును తెలిపే పన్ను ఫారం) పంపుతుంది. 5,000 బాకీని 2,000తో ముగిస్తే మిగిలిన 3,000 ఆ ఏడాది మీ ఆదాయమని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ లెక్క. ఆ ఫారం పాత చిరునామాకు వెళ్లి, రిటర్న్‌లో చూపకపోతే తర్వాత నోటీసు వస్తుంది. ఆ రోజుకు మీ అప్పులు ఆస్తుల కన్నా ఎక్కువుంటే, ఎంత ఎక్కువుంటే అంతవరకు ఫారం 982తో మినహాయింపు దొరుకుతుంది. ఆస్తుల లెక్కలో 401కే (రిటైర్‌మెంట్ ఖాతా), ఇండియాలోని ప్లాటు, మీ పేరున ఉన్న పొలం అన్నీ వస్తాయి. మన వాళ్లు ఇక్కడే లెక్క తప్పుతారు.

బ్యాంకు మీ అప్పును వసూలు కంపెనీకి అమ్మేసి, మీరు ఆ కంపెనీకి కట్టి ఉంటే రిపోర్ట్‌లో రెండు వరుసలుంటాయి. బ్యాంకు వరుసలో అమ్మేశామన్న మాట, బ్యాలెన్స్ సున్నా. డబ్బు వాళ్లకు అందలేదు కాబట్టి అక్కడ "పెయిడ్" అని రాయరు, రాయమని పట్టుబట్టినా లాభం లేదు. కంపెనీ వరుసలో "పెయిడ్ కలెక్షన్" అని రావాలి. రెండు వరుసల్లోనూ బాకీ కనిపిస్తే ఒకే అప్పును రెండుసార్లు లెక్కేసినట్టే, తప్పు. కంపెనీ వరుస కూడా అసలు బ్యాంకు మొదటి ఎగవేత తేదీనే మోయాలి, వాళ్లు కొన్న తేదీని కాదు. ఆ వరుసను తీసేయమని కంపెనీని అడగండి, కట్టాక తీసేసేవాళ్లూ ఉన్నారు. క్రెడిట్ స్కోరు లెక్కించే పద్ధతుల్లో ఫైకో 9, వాంటేజ్ స్కోర్ 3, 4 కట్టేసిన కలెక్షన్‌లను లెక్కలోకి తీసుకోవు. కానీ ఆ దయ బ్యాంకు నేరుగా వేసిన ఛార్జ్ ఆఫ్‌కు వర్తించదు. మీకు అనవసరమైన ఆశ కలగకూడదని ఇంత వివరంగా చెప్తున్నాను.

ఇప్పుడు ఇంటి లోను. వీసా హోల్డర్లకు ముందు తెలియాల్సింది: 2025 మే 25 నుంచి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు (ఫెడరల్ ప్రభుత్వం బీమా ఇచ్చే ఇంటి లోన్లు) శాశ్వత నివాసం లేనివాళ్లకు ఇవ్వడం లేదు. హెచ్‌1బీ మీద ఉంటే మీ దారి కన్వెన్షనల్ లోనే, అంటే ఆ ప్రభుత్వ బీమా లేని మామూలు లోను. గ్రీన్ కార్డు ఉంటే 580 స్కోరుతో 3.5 శాతం డౌన్ పేమెంట్ దారి ఇంకా తెరిచే ఉంది. కన్వెన్షనల్‌లో ఫ్యానీ మే (బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే సంస్థ) నియమాల ప్రకారం, ఆటోమేటెడ్ విధానంలో ఆమోదం వచ్చిన, మీరు స్వయంగా ఉండబోయే ఒక యూనిట్ ఇంటికి, ఇంటి లోను కాని ఛార్జ్ ఆఫ్‌లు కట్టకుండా ఉన్నా కట్టి తీరాలన్న షరతు లేదు. మీరు కట్టేశారు కాబట్టి ఆ గొడవే లేదు. ఛార్జ్ ఆఫ్ అయినది పాత ఇంటి లోనే అయితే మాత్రం నాలుగేళ్లు ఆగాలి. మీ విషయంలో అడ్డు నియమం కాదు, స్కోరు. లోన్ ఆఫీసర్లు మామూలుగా చూసేది పాత ఫైకో 2, 4, 5 స్కోర్లు. మూడింట్లో మధ్యదాన్ని తీసుకుంటారు. ఫోన్ యాప్‌లో కనిపించే స్కోరుకూ దానికీ పదుల పాయింట్ల తేడా ఉండొచ్చు, అది చూసి బెంగపడకండి, మురిసిపోకండి.

సమయం విషయంలో జాగ్రత్త. డిస్ప్యూట్ నడుస్తుండగా ఖాతా మీద "వినియోగదారు వివాదంలో ఉంది" అన్న వ్యాఖ్య ఉంటుంది. విచారణ ముగిశాక కూడా అది అంటుకునే ఉండొచ్చు. అండర్‌రైటర్ (లోను ఆమోదించే అధికారి) దాన్ని తీయించమంటాడు, అది తీయించడానికే వారాలు పడుతుంది, ఈలోగా క్లోజింగ్ (ఇల్లు చేతికొచ్చే) తేదీ జారిపోతుంది. కాబట్టి ఇల్లు చూడటం మొదలుపెట్టడానికి కనీసం మూడు నాలుగు నెలల ముందే డిస్ప్యూట్‌లు ముగించండి. లోను మధ్యలో ఉండగా తప్పు బయటపడితే డిస్ప్యూట్ వేయకుండా, బ్యాంకు లేఖ లోన్ ఆఫీసర్‌కిచ్చి రాపిడ్ రీస్కోర్ చేయించమనండి. కొద్ది పనిదినాల్లో బ్యూరో సరిచేసి కొత్త స్కోరు ఇస్తుంది. ఇది రుణదాత ద్వారానే జరుగుతుంది, మీరు సొంతంగా చేయించుకోలేరు.

అండర్‌రైటర్ వివరణ లేఖ అడిగితే ఐదారు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎప్పుడు కట్టారు, మళ్లీ జరగకుండా ఏం మార్చుకున్నారు. తేదీలు మీ రిపోర్ట్‌తో, డబ్ల్యూ2లతో, ఉద్యోగ చరిత్రతో సరిపోవాలి. బ్యాంకును తిట్టకండి, సాకులు పేర్చకండి.

ఈలోగా స్కోరు పెంచేది పాతదాన్ని తవ్వడం కన్నా కొత్త మంచి చరిత్ర వేయడమే. ఖాతాలు తక్కువుంటే 200 నుంచి 500 డాలర్ల డిపాజిట్‌తో ఒక సెక్యూర్డ్ కార్డు తీసుకుని, ప్రతి నెలా చిన్న బిల్లు ఒకటి దాని మీద వేసి, ఆటోపే పెట్టండి. స్టేట్‌మెంట్ వచ్చే రోజుకు వాడకం పరిమితిలో పది శాతం లోపు ఉండాలి. ఐదు కార్డులకు ఒకేసారి దరఖాస్తు చేయకండి. ఛార్జ్ ఆఫ్ దెబ్బ మొదటి రెండేళ్లలో గట్టిగా ఉండి, పైన మంచి నెలలు పేరుకునే కొద్దీ మెత్తబడుతుంది. మీది నాలుగేళ్లు దాటింది.

వెయ్యి డాలర్లు ఇస్తే నెలలో తుడిచేస్తామనే రిపేర్ కంపెనీలకు దూరంగా ఉండండి. పని చేయకముందే డబ్బు తీసుకోవడం 1996 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. ఒప్పందం రాతలో ఉండాలి, మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే హక్కు మీకుండాలి. సీపీఎన్ అనే తొమ్మిదంకెల నంబరు అమ్మి, సోషల్ సెక్యూరిటీ నంబరుకు బదులు దాన్ని వాడమనేవాళ్లు మిమ్మల్ని ఫెడరల్ నేరంలోకి లాగుతున్నారు. వాళ్లు చేసే చట్టబద్ధమైన పని ఏదైనా, పైన చెప్పిన ఉత్తరాలతో మీరే చేసుకోగలరు.

చివరగా ఒక పని క్యాలెండర్‌లో పెట్టుకోండి. తొలగింపు నెలకు మూడు నాలుగు నెలల ముందు, అంటే మీ లెక్కన 2027 చివర్లో, ఫోన్ చేసి ముందుగానే తీసేయమని అడగొచ్చు. ఒప్పుకునే సందర్భాలున్నాయి, ముఖ్యంగా ట్రాన్స్‌యూనియన్ దగ్గర. 2028 ఏప్రిల్‌లో మళ్లీ మూడు రిపోర్టులూ దించి చూడండి. ఎక్కడైనా ఇంకా ఉంటే "చట్టపరమైన గడువు దాటింది" అన్న ఒక్క కారణంతో డిస్ప్యూట్ వేయండి. పెయిడ్ ఇన్ ఫుల్ లేఖను మాత్రం ఆ తర్వాత కూడా పారేయకండి. అమ్ముడైన పాత బాకీల జాబితాల్లో కట్టేసిన ఖాతాలూ దొర్లి, ఏళ్ల తర్వాత ఎవరో కొత్త కంపెనీ ఫోన్ చేయడం జరుగుతుంటుంది. ఆ రోజు మీకు ఆ ఒక్క కాగితమే సమాధానం.